టాస్మేనియా: మనుషులు లేని అడవి అంటే నమ్మకండి

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్ళకి సిడ్నీ, మెల్‌బోర్న్, కంగారూలు. మ్యాప్‌లో అడుగున బొట్టులా ఉండే టాస్మేనియా సంగతి ఎత్తితే "అక్కడేముంది" అంటారు, రికీ పాంటింగ్ పుట్టిన లాన్సెస్టన్ అక్కడే అని చెప్తే మాత్రం ఓహో అంటారు. బొట్టు అన్నానని చిన్నదనుకునేరు, విస్తీర్ణంలో ఇంచుమించు శ్రీలంకంత. కాకపోతే శ్రీలంకలో రెండు కోట్లకి పైగా జనం, ఇక్కడ ఆరు లక్షల లోపే. పడమర సగంలో చాలా దూరం రోడ్లే ఉండవు, చూడాలంటే నడవాల్సిందే.

ట్రెక్కింగ్ వాళ్ళకి ముందు తెలిసేది ఓవర్‌ల్యాండ్ ట్రాక్. క్రేడిల్ మౌంటెన్ దగ్గర మొదలై లేక్ సెయింట్ క్లెయిర్ దాకా 65 కిలోమీటర్లు, మామూలుగా ఆరు రోజులు పడుతుంది. రాత్రికి హట్‌లు ఉంటాయి కానీ టెంట్ కూడా మోసుకెళ్ళాల్సిందే, హట్ నిండిపోతే అదే దిక్కు. తిండి, స్టవ్ అన్నీ మన వీపు మీదే, మంట వెయ్యడం నిషేధం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఎండాకాలం, అయినా పైన మంచు పడొచ్చు, పొద్దున ఎండ మధ్యాహ్నం వడగళ్ళు, అందుకే వాతావరణం బాగుంది కదా అని రెయిన్ జాకెట్ వదిలేసి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బురద నేల తొక్కిడికి పాడవకుండా చాలా దూరం చెక్క పలకలు పరిచారు. సాయంత్రం అయితే వోంబాట్‌లు అనే పొట్టి, బొద్దు జంతువులు మనల్ని పట్టించుకోకుండా గడ్డి మేస్తూ తిరుగుతుంటాయి (వాటి పేడ చదరపు ముక్కల్లా ఉంటుంది, జోక్ కాదు). జాగ్రత్తపడాల్సింది కరావాంగ్ అనే నల్ల పక్షులతో, బ్యాగ్ జిప్ ముక్కుతో లాగి తీసి మరీ తిండి ఎత్తుకుపోతాయి. ఓపిక మిగిలితే దారిలోంచి పక్కకి వెళ్ళి 1617 మీటర్ల మౌంట్ ఆసా ఎక్కొచ్చు, దీవి మొత్తంలో అదే ఎత్తైనది.

ఇంత అందాన్ని "మనిషి చెయ్యి పడని ప్రకృతి" అని చెప్తుంటారు చూడండి, అదే నాకు నచ్చదు. దారిలో బటన్‌గ్రాస్ మైదానాలు వస్తాయి, గుండ్రటి గుత్తుల గడ్డి, కనుచూపు మేర. వాటిలో చాలా చోట్ల అడవి కమ్ముకోకుండా ఆపింది అక్కడి ఆదివాసీలు పాలవా జనం పద్ధతిగా పెడుతూ వచ్చిన నిప్పే, లేత గడ్డి మొలిస్తే వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) వస్తాయి, వేట దొరుకుతుంది. వాళ్ళు దాదాపు 40 వేల ఏళ్ళుగా అక్కడున్నారు, ఆ తర్వాత సముద్రం పెరిగి బాస్ జలసంధి ఏర్పడి దీవి విడిపోయింది. 1803లో బ్రిటిష్ వాళ్ళు దిగాక కొన్ని దశాబ్దాల్లోనే యుద్ధం, రోగాలు, మిగిలినవాళ్ళని ఫ్లిండర్స్ దీవికి తరలించడం. 1876లో ట్రుగనిని అనే పాలవా మహిళ చనిపోతే చివరి టాస్మేనియన్ పోయిందని రాసేశారు, అది అబద్ధం, వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఇక ఖైదీలు. 1853 వరకు 70 వేల మందికి పైగా ఓడల్లో తెచ్చి పడేశారు. మరీ మొండివాళ్ళని పడమటి తీరంలో సారా దీవికి పంపేవాళ్ళు, అక్కడ వాళ్ళతో హ్యూవన్ పైన్ నరికించి ఓడలు కట్టించారు. ఆ చెట్టు ఏడాదికి ఒక మిల్లీమీటర్ లావెక్కితే గొప్ప, అలా రెండు మూడు వేల ఏళ్ళు బతుకుతుంది, చెక్కలో నూనె వల్ల నీళ్ళలో కూడా త్వరగా కుళ్ళదు. ఈ ఖైదీల వల్ల దీవి పేరు ఎంత చెడిందంటే, వాన్ డీమెన్స్ ల్యాండ్ అనే పాత పేరు వదిలించుకుని 1856లో టాస్మేనియా అని పెట్టుకున్నారు.

అసలు ఆ అడవి ఇంకా మిగలడం కూడా గొడవపడితేనే. 1972లో కరెంటు కోసం లేక్ పెడ్డర్‌ని ముంచేశారు, గులాబీ రంగు ఇసుక తీరం మొత్తం నీళ్ళ కిందకి పోయింది. ఆ దెబ్బకి జనం మేలుకున్నారు. తర్వాత ఫ్రాంక్లిన్ నది మీద డ్యామ్ అన్నప్పుడు పర్యావరణ ఉద్యమకారుడు బాబ్ బ్రౌన్ లాంటివాళ్ళు అడ్డం కూర్చుంటే వెయ్యి మందికి పైగా అరెస్ట్ అయ్యారు, చివరికి 1983 జులై 1న హైకోర్టు (ఆస్ట్రేలియాలో అదే అన్నిటికన్నా పై కోర్టు) 4-3 తేడాతో డ్యామ్ ఆపింది. ఒక్క జడ్జి అటు ఒరిగి ఉంటే ఇవాళ అక్కడ రాఫ్టింగ్ లేదు. టాస్మేనియన్ టైగర్ అని కూడా పిలిచే థైలసీన్ అనే జంతువుకి ఆ అదృష్టం లేదు, చంపితే డబ్బులిచ్చిన ప్రభుత్వమే 1936 జులైలో రక్షణ ప్రకటించింది, 59 రోజులకి హోబార్ట్ జూలో ఆఖరిది చచ్చిపోయింది.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా ఓవర్‌ల్యాండ్‌కి బుకింగ్ తప్పనిసరి, ఉత్తరం నుంచి దక్షిణానికే నడవాలి. ఆరు రోజులు కుదరకపోతే డవ్ లేక్ చుట్టూ 6 కిలోమీటర్లు నడిచినా చాలు, లేదా 48 కిలోమీటర్ల త్రీ కేప్స్ ట్రాక్, హట్‌లో పరుపులు కూడా ఉంటాయి. నన్నడిగితే ఏప్రిల్ చివర్లో వెళ్ళండి, ఫేగస్ అనే చెట్టు ఆకులు పసుపు, నారింజ రంగులోకి తిరిగేది అప్పుడే, చలికి మాత్రం సిద్ధపడే వెళ్ళండి.