ముఖ్యంగా వ్రాయునది ఏమనగా

2014లో ఉద్యోగం మీద న్యూయార్క్ వచ్చినప్పుడు క్వీన్స్ ప్రాంతంలోని జాక్సన్ హైట్స్‌లో గది తీసుకున్నాను. రోజూ ఎఫ్ రైల్లో మాన్‌హట్టన్‌కు ప్రయాణం. రైలు నది కిందికి దిగే ముందు వచ్చే స్టేషన్ పేరు 21వ వీధి, క్వీన్స్‌బ్రిడ్జ్. నెలల తరబడి ఆ పేరు విన్నాను కానీ ఒక్కసారీ అక్కడ దిగలేదు. ఆఫీసులో నా పక్క సీటతను క్వీన్స్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఒకరోజు మధ్యాహ్నం నా చేతిలో ఇయర్‌ఫోన్స్ పెట్టి, "నువ్వు రోజూ దాటిపోయే స్టేషన్ పక్కన పుట్టిన ఆల్బమ్ ఇది, వచ్చి ఇరవై ఏళ్లయింది" అన్నాడు. అది ఆ క్వీన్స్‌బ్రిడ్జ్‌లోనే పెరిగిన ర్యాప్ గాయకుడు నాస్ మొదటి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’.

మొత్తం నలభై నిమిషాలు. చిన్న ప్రవేశిక, తొమ్మిది పాటలు, అంతే. మొదట్లో నాకు సగం మాటలు కూడా అందలేదు. గొంతు మాత్రం పట్టుకుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు కిటికీ దగ్గర కూర్చుని కింద వీధిలో జరిగేది ఒక్కొక్కటీ ఏకరువు పెడుతున్నట్టు ఉంటుంది. ఏడో ట్రాక్ ‘వన్ లవ్’ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అది ఉత్తరం. జైల్లో ఉన్న స్నేహితులకు బయటున్న స్నేహితుడు రాసే ఉత్తరం.

నీకు కొడుకు పుట్టాడు, నీ పోలికేనట. నీ మనిషి నీకెందుకు రాయడం లేదు? ఫలానా వాళ్ల అమ్మాయికి బీచ్ నుంచి ఇంటికొస్తుంటే తూటా తగిలింది. నీ ఖాతాలో యాభై డాలర్లు వేశాను. ఇలా సాగుతుంది. కింద క్యూ-టిప్ అనే ఇంకో ర్యాపర్ కూర్చిన సంగీతం, హీత్ బ్రదర్స్ పాత జాజ్ రికార్డు నుంచి తీసుకున్న ముక్క, బొటనవేళ్లతో మీటే ఆఫ్రికా వాయిద్యంలా టింగుటింగుమంటూ మెత్తగా తిరుగుతూ ఉంటుంది.

నేను ఐదో తరగతి నుంచి ఉత్తరాలు రాశాను. బాపు మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. మాది జగిత్యాల దగ్గర ఊరు, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న రోజులు. అమ్మకు చదువు రాదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చెబుతుంటే నేను నీలం రంగు విమానం కాగితం మీద రాసేవాణ్ని. "ఇచ్చట మేమందరం క్షేమం. అచ్చట మీరు క్షేమమని తలుస్తాము. ముఖ్యంగా వ్రాయునది ఏమనగా..." ఇంతవరకు అమ్మ చెప్పనక్కర్లేదు, నా చెయ్యే రాసుకుపోయేది. ఆ తర్వాతే అసలు సంగతి. బర్రె ఈనింది, చిన్నమ్మ బిడ్డకు సంబంధం కుదిరింది, మామయ్య ఇల్లు మొదలుపెట్టాడు. కాగితం అయిపోతే మడత పెట్టే అంచుల మీద కూడా చీమల్లాంటి అక్షరాలతో నింపేవాణ్ని.

ఒకసారి మా బోరు ఎండిపోయింది. అది రాయబోతుంటే అమ్మ కత్తెర పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "అవన్నీ రాయకురా. అక్కడ ఒక్కడే ఉంటడు, టెన్షన్ పడ్తడు."

అందుకే ‘వన్ లవ్’ నన్ను కదిలించింది. మేం దాచినదంతా అందులో ఉంది. నాస్ ఏదీ వడగట్టడు. లోపల ఉన్నవాడికి కావలసింది ధైర్యవచనాలు కాదు, తన వీధి ఉన్నది ఉన్నట్టుగా తన దగ్గరికి రావడమే అన్నట్టు రాస్తాడు. చివరి చరణంలో పెన్నూ కాగితాలూ తీసుకుని రెండు రోజులు ఎటో వెళ్లిపోతాడు. తిరిగొచ్చేసరికి బెంచీ మీద పన్నెండేళ్ల పిల్లవాడు కూర్చుని ఉంటాడు. వాడి చేతికి అప్పుడే తుపాకీ వచ్చేసింది. పక్కన కూర్చుని వాడితో మాట్లాడి లేచి వెళ్తాడు. వాడు మారాడని చెప్పడు. మొత్తం ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా బరువైన చోటు అదే.

1994 ఏప్రిల్ 19న ఇది విడుదలైనప్పుడు ‘ది సోర్స్’ అనే ర్యాప్ సంగీత పత్రిక ఐదుకు ఐదు మైకులు ఇచ్చింది. నక్షత్రాల బదులు వాళ్లు మైకులు వేసేవాళ్లు, అయిదూ దక్కడం అరుదు, అదీ కొత్త కుర్రాడి మొదటి ఆల్బమ్‌కు. ఆ సమీక్ష రాసిన మిన్యా ఓ కూడా అప్పటికి చిన్నమ్మాయే. అమ్మకాలు మాత్రం ఆ స్థాయిలో లేవు. మొదటి వారం సుమారు అరవై వేల కాపీలు, అమెరికా అమ్మకాల జాబితా బిల్‌బోర్డ్‌లో 12వ స్థానం. అంతకు అయిదు నెలల ముందు పడమటి తీరం నుంచి వచ్చిన ర్యాపర్ స్నూప్ డాగ్ మొదటి ఆల్బమ్ ఒక్క వారంలో ఎనిమిది లక్షలు దాటింది. పైగా ‘ఇల్మాటిక్’ దొంగ కాపీలు విడుదలకు ముందే న్యూయార్క్ అంతా తిరిగాయి. అయిదు లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు రావడానికి 1996 దాకా పట్టింది, పది లక్షల ప్లాటినం 2001లో. ఆ అంకెలు చూసి ఆడలేదనుకుంటే పొరపాటు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని విన్నవాళ్లు ఏ లెక్కలోనూ లేరు.

తర్వాత జరిగింది మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది. 1996లో అతని రెండో ఆల్బమ్ మొదటి స్థానంలోకి వెళ్లింది, చాలా ఎక్కువ అమ్ముడైంది, అయినా మొదటిదానిలా లేదన్నారు. ఆ తర్వాత ఏది చేసినా అదే కొలబద్ద తీసి పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ల వయసులో, తన వీధి దాటకముందు రాసింది మళ్లీ ఎలా రాస్తాడు? మనిషి మారడా? అతనికి మొదటి గ్రామీ 2021లో వచ్చింది, అదీ వేరే ఆల్బమ్‌కు. ‘ఇల్మాటిక్’ను అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చిందీ ఆ ఏడాదే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన అతని పేరు మీద హార్వర్డ్‌లో 2013 నుంచి ఒక ఫెలోషిప్ ఉంది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అట్ట మీద ఏడేళ్ల నాస్ ముఖం ఉంటుంది, ఆ ముఖం వెనక నుంచి క్వీన్స్‌బ్రిడ్జ్ వీధి కనిపిస్తుంది. తండ్రి ఒలు దారా జాజ్ వాద్యకారుడు. ఆయన విదేశాల్లో కచేరీలు ముగించుకుని ఇంటికొచ్చినప్పుడు తీసిన ఫోటో అది. మూడో ట్రాక్ చివర వినిపించే కొమ్ము వాయిద్యం కూడా ఆయనదే. బాపు మస్కట్ నుంచి కొత్త కెమెరా తెచ్చి గడప ముందు నన్ను నిలబెట్టి తీసిన ఫోటోలో నేనూ అలాగే నవ్వకుండా నిటారుగా చూస్తుంటాను.

చివరికి ఒక శనివారం ఆ స్టేషన్‌లో దిగాను. సర్కారు కట్టించిన ఆరంతస్తుల ఇటుక భవనాలు. మధ్యలో చెట్లు, బెంచీలు. పక్కన నది, నది మీద వంతెన, అవతల మాన్‌హట్టన్ మేడలు. ఒక బెంచీ మీద ముసలాయన పేపర్ చదువుకుంటున్నాడు, నన్ను చూసి తలూపాడు. కాసేపు ఇంకో బెంచీ మీద కూర్చుని ఏడో పాట విన్నాను.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి బాపుకు ఈ పాట సంగతి చెప్పాను. కొడుకు పుట్టాడన్నది, తూటా తగిలిందన్నది, యాభై డాలర్లు, బెంచీ మీది పిల్లవాడు, అంతా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యలో ఊఁ కూడా కొట్టలేదు. అయిపోయాక అడిగాడు.

"మరి ఆ లోపలున్న పిలగాడు జవాబు రాసిండా?"

"పాటలో అది లేదు బాపూ."

"అందితే రాసే ఉంటడు" అన్నాడు. కాసేపాగి, "బోరు ఎండిందని మీరు నాకు రాయలేదు, యాదికుందా? మన ఊరి రాజన్న వచ్చి చెప్తే తెలిసింది" అన్నాడు.