చింతపల్లి రాళ్ల కింద చిటికె వేసిన రొయ్య

మొన్న అమావాస్య వెళ్లిన మర్నాడు, పాటుకి నీళ్లు బాగా వెనక్కెళ్తాయి కదా అని, తెల్లవారకముందే చింతపల్లి చేరుకున్నాను. పూసపాటిరేగ దగ్గర లైట్‌హౌస్ ఉన్న ఊరే. విజయనగరం జిల్లాకున్న తీరం మొత్తం 30 కిలోమీటర్లు కూడా ఉండదు, అందులో చాలావరకు ఇసకే, నాకేమో రాళ్లు కావాలి.

గుంటలో ఒక రాయి కదిపానో లేదో, టప్! గాజుపెంకు తొక్కానేమో అని ముందు కాలు చూసుకున్నాను. తీరా చూస్తే చిటికెన వేలిలో సగం ఉన్న రొయ్య. పీతకున్నట్టు రెండు డెక్కలు, ఒకటి మామూలుగా, ఇంకోటి దాని ఒంటికి సరిపడనంత లావుగా. ఇంగ్లీషులో స్నాపింగ్ ష్రింప్, నేను చిటికె రొయ్య అంటాను. లావు డెక్క కదిలే వేలికి రోకలిలాంటి బుడిపె, ఎదురుగా దానికి సరిపోయే రోలులాంటి గుంట. అది ఒక్కసారిగా మూసుకుంటే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతాయంటే మధ్యలో బుడగ పుడుతుంది. మనకి వినపడేది డెక్కలు కొట్టుకున్న చప్పుడు కాదు, ఆ బుడగ చితికిన చప్పుడు. ఈ సంగతి 2000లో గానీ తేలలేదు. మరుసటి ఏడాది ఇంకో విషయం బయటపడింది: చితికేటప్పుడు బుడగలోంచి కంటికి అందనంత చిన్న మెరుపు వస్తుందని, లోపల వేడి కనీసం 5000 కెల్విన్ ఉంటుందని. ఇంత రొయ్యకి!

సరే, దీని పేరేంటి? డెక్క ఎర్రగా ఉండటంతో నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. 2017లో గులాబీ డెక్క ఉన్న ఒక రొయ్యకి రాక్ బ్యాండ్ పేరు మీద సినాల్ఫియస్ పింక్‌ఫ్లాయిడై అని పెట్టారు. కాకపోతే అది పనామా పసిఫిక్ తీరంలోది, మన రాళ్ల కింద ఉండాల్సిన పని లేదు. రంగు చూసి పేరు పెట్టేస్తే ఇలాగే ఉంటుంది.

అలాగని రంగుని వదిలేయకూడదు కూడా. పోయినేడు ఒకదాన్ని దొరికిన వెంటనే స్పిరిట్ సీసాలో వేసేశాను, సాయంత్రానికి రంగంతా పోయి పాలిపోయింది, ఫోటో లేదు, మొత్తం దండగ. అందుకని ఈసారి తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి, పక్కన స్కేలు పెట్టి, ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి తీశాను. కళ్ల మీద అద్దంలా కప్పిన పెంకు, రెండో జత కాళ్లలో ఐదు ముక్కలుగా విడిన భాగం, లావు డెక్క రెండు వైపులా ఉన్న గాడులు. లావు డెక్క ఎడమనుందా కుడినుందా అన్నది కూడా రాసుకున్నాను గానీ అది గుర్తు కాదు, ఎందుకంటే లావుది ఊడిపోతే రెండోది లావెక్కి దాని పనిలోకి దిగుతుంది, ఊడిన చోట చిన్నది మొలుస్తుంది.

తోక చివరి ముళ్లు మాత్రం ఫోటోలో మసగ్గా వచ్చాయి. అప్పటికే రొయ్యని అదే రాయి కింద వదిలేశాను. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో చోటు, తేదీ, పాటు సమయం, అన్ని ఫోటోలూ పెట్టి పేరు దగ్గర ఆల్ఫియస్ అని ప్రజాతి వరకే రాసి ఆపేశాను. అరుదైనదేమో అని మనసు పీకుతూనే ఉంది. కానీ ఇక్కడ రాళ్లెత్తి చూసేవాళ్లే అరుదు, అలాంటప్పుడు రొయ్య అరుదని ఎలా చెప్పను? పక్కనున్న ఒడిశాలోని చిలికా సరస్సు రొయ్యల మీద స్టాన్లీ కెంప్ అనే జంతుశాస్త్రవేత్త 1915లోనే రాసి పెట్టాడు, ముందు అది తీసి చూడాలి.

గిన్నె కడుక్కుంటుంటే వల సర్దుతున్న చిన్నాన్న వచ్చాడు. "ఏటి బాబూ, ఒక్క రొయ్యకా ఇంత సేపు?" అన్నాడు. చప్పుడు సంగతి చెప్పాను. "ఆవాలు చిటపటలాడినట్టుంటాది, అదేనా? తెడ్డు నీళ్లలో ముంచి పిడి చెవికానించు, ఇనపడతాది." పడవ అంచు పట్టుకుని అలాగే చేశాను. ఒకటి కాదు, కింద పోపు పెట్టినట్టే ఉంది.