ల్యాండ్ క్రూజర్ వెనక పడవ: ఆటోనగర్ కాటా నుంచి నాగాయలంక రేవు దాకా

ల్యాండ్ క్రూజర్ వెనక ట్రైలర్ తగిలించుకుని వెళ్తుంటే బంకులో ఆగినా, టీ కొట్టు దగ్గర ఆగినా అందరూ అడిగేది ఒకటే: "ఎంత లాగుద్దండీ?" 3.3 లీటర్ల వి6 డీజిల్ ఇంజను, 700 న్యూటన్ మీటర్ల టార్క్. లాగడానికి ఢోకా లేదు. నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్నలు వేరే. అంత బరువు వెనక నుంచి తోస్తుంటే ఆగుతుందా? పక్కనుంచి లారీ దూసుకెళ్తే తోక ఊపకుండా తిన్నగా వస్తుందా? బండి ఎంత ఖరీదైనదైనా ఈ రెండింటికీ జవాబు ట్రైలర్ దగ్గరే వెతుక్కోవాలి.

పడవ ఎందుకో ముందు చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మేడల మీద నిలబడి మంచినీళ్ళ కోసం ఎదురుచూసిన వాళ్ళలో మా పిన్ని వాళ్ళూ ఉన్నారు. ఎక్కడో ఉన్న పడవ నీళ్ళ అంచుదాకా రావాలంటే ముందు రోడ్డు మీద రావాలి. ఆ తర్వాత స్నేహితులం కలిసి ఇరవై రెండు అడుగుల ఫైబర్ పడవ, 115 హార్స్‌పవర్ ఇంజను కొన్నాం. పడవ కాగితాలు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కిందకి వస్తాయి, వాటిని ఇంకో స్నేహితుడు చూసుకున్నాడు. ట్రైలర్ నా వంతు.

షోరూంలో అడిగితే "ఎంతైనా లాగుద్ది సార్" అన్నారు. అది లెక్క కాదు కదా. ఇలాంటి బండ్లతో పడవలు లాగడం మామూలైన ఆస్ట్రేలియాలో టయోటా ఈ మోడల్‌కి ప్రకటించిన అంకెలు చూశాను. బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోలు, బ్రేకులు లేనిదైతే 750 మాత్రమే. అంటే బ్రేకుల్లేని ట్రైలర్‌తో ఇంత పెద్ద బండి కూడా ముప్పావు టన్నుకే ఆగిపోతుంది! ఇంకో సంగతి. కారు మొత్తం బరువు 3,280 దాటకూడదు, కారూ ట్రైలరూ కలిపి 6,750 దాటకూడదు. 3,280కి 3,500 కలిపితే 6,780 అవుతుంది. కారు నిండా జనాన్ని, సామాన్లని ఎక్కించుకుని మూడున్నర టన్నులు లాగడం లెక్కలోనే కుదరదు. పైగా ట్రైలర్ ముందు కొస హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే చోట, మోపే బరువు కారు మోసే బరువులోకే వస్తుంది. పైస్థాయి మోడళ్ళలో ఆ మోసే బరువు ఏడువందల కిలోల లోపే. నలుగురు పెద్దవాళ్ళు, సామాన్లు, హిచ్ మీద రెండు వందలు అనుకోండి, చాలా వరకు అయిపోయినట్టే.

హిచ్ కంపెనీ ఒరిజినలే పెట్టించాను, ఛాసిస్‌కి బోల్టులతో బిగించేది. బంపర్ దగ్గర ఉండే కొక్కెం బురదలో దిగబడ్డప్పుడు లాగించుకోవడానికే, ట్రైలర్‌కి పనికిరాదు. ట్రాక్టర్‌కి వేసే పిన్ను హుక్కు కూడా వద్దన్నాను. 50 మిల్లీమీటర్ల బాల్, దానికి సరిపోయే 50 కప్లర్, అంటే ట్రైలర్ ముక్కున ఉండి బాల్‌ని పట్టుకునే గిన్నె. ఆ సైజు రెండింటి మీదా చెక్కి ఉంటుంది, చూసుకుని కొనాలి. ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికి వేరే నంబరు, వేరే ఇన్సూరెన్సు. మాది టీ2 కేటగిరీ, అంటే 750 కిలోల పైన మూడున్నర టన్నుల దాకా. తయారీదారు ఇచ్చే ఫారం 21, ఫారం 22 లేకుండా ఆర్టీవో ఆఫీసులో పని జరగదు కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే వాటి సంగతి తేల్చుకున్నాను.

బ్రేకుల దగ్గర మాత్రం బేరం ఆడలేదు. పడవ ట్రైలర్ నీళ్ళలో మునుగుతుంది, ఎలక్ట్రిక్ బ్రేకులు త్వరగా తుప్పు పడతాయి. అందుకని ఓవర్‌రన్ రకం హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వేయించాం. కారు నెమ్మదించగానే వెనక బరువు ముందుకు తోస్తుంది, ఆ తోపుకి కప్లర్‌లోని మాస్టర్ సిలిండర్ నొక్కుకుని ట్రైలర్ బ్రేకులు పడతాయి. చిక్కల్లా రివర్స్‌లోనే. వెనక్కి తోసినా అదే తోపు, అవే బ్రేకులు పడతాయి. రివర్స్ లైటు కరెంటుతో వాటిని ఆపే ఏర్పాటు ఉంది. కానీ నీళ్ళలో దించేముందు లైట్ల ప్లగ్గు పీకేస్తాం కదా, అప్పుడు ఆ కరెంటు రాదు. అందుకని చేత్తో పెట్టే ఒక లాక్ పిన్ను కూడా చేయించాం. రోడ్డెక్కే ముందు అది తీయకపోతే ట్రైలర్‌కి బ్రేకులు లేనట్టే. అందుకే దానికి ఎర్ర రిబ్బను కట్టి, తీయగానే కారు తాళాల గుత్తికి తగిలిస్తాం.

ఇక కాటా. ట్రైలర్ కొన్నవాళ్ళందరికీ ఇదే చెప్తున్నాను, ముందు ఆటోనగర్‌లో ఏదో ఒక కాటా ఎక్కండి. మేం వెళ్ళినప్పుడు ముందూ వెనకా ఇసుక, ఇనుము లారీలే. కాటా అబ్బాయి "ఒక్క తూకమేగా సార్" అన్నాడు. మూడు కావాలి. మొదట కారొక్కటే, లోపల మేమిద్దరం, ట్యాంకు నిండా డీజిల్: 2,780. తర్వాత కారూ ట్రైలరూ మొత్తం: 4,630. అంటే పడవతో సహా ట్రైలర్ 1,850. మూడోది అసలు తూకం. ట్రైలర్ తగిలించే ఉంచి, కారు నాలుగు చక్రాలూ కాటా మీద, ట్రైలర్ చక్రాలు కింద. స్లిప్పు మీద 2,860 పడింది. మొదటి తూకంతో తీసేస్తే 80. హిచ్ మీద పడుతున్నది ఆ ఎనభై కిలోలే.

పద్దెనిమిది వందల యాభై కిలోల ట్రైలర్‌కి ఎనభై చాలదు. పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ఉండాలంటారు, అంటే మాకు కనీసం 185. ఎడ్లబండికి బస్తాలు వేసేవాళ్ళకి ఇది తరతరాలుగా తెలుసు. ఇరుసుకి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. కారుకి మెడ లేదు కాబట్టి పార్కింగులో ఏమీ తెలియదు. వేగం పెరిగాక తెలుస్తుంది. వెనక బరువున్న ట్రైలర్ గాలి తోపుకి ఒకసారి పక్కకి ఊగితే, ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందు ఊపు కన్నా పెద్దదవుతుంది. ఈ బండిలో ట్రైలర్ స్వే కంట్రోల్ ఉంది, ఊపు పసిగట్టి చక్రాలకి తానే బ్రేకులు వేస్తుంది. అది ఉందని బరువు తప్పుగా సర్దితే ఒప్పుకోను.

కారణం వెతికితే, ట్రైలర్ చేసినవాళ్ళు ఇరుసుని ఇంజను లేని పడవ లెక్కతో పెట్టారు. ఇంజనేమో పడవ చివర వేలాడుతుంది. విన్చ్ స్టాండు, అంటే పడవ ముక్కుని లాగి కట్టే స్తంభం, అడుగుకి పైగా ముందుకు జరిపించి, బ్యాటరీనీ ఇంధనం క్యాన్లనీ ముక్కు వైపుకి మార్చి, మళ్ళీ కాటా ఎక్కాం. 2,980. అంటే రెండు వందలు. కాటా అబ్బాయి ఈసారి తనే వచ్చి స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూశాడు.

రివర్స్ నేర్పింది కంకిపాడు దగ్గర ఒక ట్రాక్టర్ డ్రైవర్ బాబాయి. సంక్రాంతికి పల్లెల్లో ట్రాక్టర్ రివర్స్ పోటీలు పెడుతుంటారు, వాటిలో ఆడిన చెయ్యి. ఖాళీ స్థలంలో పక్క సీట్లో కూర్చుని, "అబ్బాయ్, స్టీరింగ్ పైన కాదు, కింద పట్టుకో. ట్రక్కు ఎటు పోవాలో చెయ్యి అటే జరుపు. కొంచెమే" అన్నాడు. కింద పట్టుకుంటే నిజంగానే తికమక పోతుంది. ట్రైలర్ ఎక్కువ మెలి తిరిగితే దాన్ని సరిచేయడానికి వెనక్కే ప్రయత్నించొద్దని, ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టమని కూడా ఆయనే చెప్పాడు.

నాగాయలంకకి తెల్లారుజామున బయల్దేరాం. కప్లర్ గొళ్ళెం పడ్డాక ముందు జాకీతో ట్రైలర్ ముక్కుని పైకెత్తి చూస్తాను. కారు వెనక భాగం కూడా లేస్తే గట్టిగా పట్టుకున్నట్టు. గొలుసులు రెండూ కప్లర్ కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేయాలి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోతే బ్రేకులు పట్టించే కేబుల్ విడిగా కారుకే కట్టాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దారిలో వేడెక్కి ప్రెషర్ పెరిగిందని గాలి తీయకూడదు.

బందరు రోడ్డు మీద 60 దాటలేదు. ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, 60కీ 80కీ తేడా దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు. ముందు ఖాళీ వదిలితే ఆటోవాళ్ళు దూరతారు. దూరనివ్వండి, మళ్ళీ ఖాళీ వదలండి. ఉయ్యూరు దాటాక ఒక కంటైనర్ లారీ పక్కనుంచి వెళ్ళింది. స్టీరింగ్‌లో చిన్న లాగుడు, అంతే. ఒకవేళ ఊపు మొదలైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. గట్టిగా బ్రేకు వేయకూడదు, అటూ ఇటూ తిప్పి సరిచేయబోకూడదు.

పామర్రులో ఆగి ట్రైలర్ చక్రాల మధ్యలో ఉండే నాలుగు హబ్‌ల మీదా అరచెయ్యి పెట్టి చూశాం. మూడు గోరువెచ్చగా, కుడి వెనకది చెయ్యి నిలవలేనంత వేడిగా ఉంది. బేరింగ్ నట్టు బిగుతు ఎక్కువైంది. జాకీ పెట్టి, చక్రం లేపి, నట్టు కాస్త వదులు చేసి దాని పిన్ను మళ్ళీ వేశాం. అక్కడి నుంచి కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ. సన్న రోడ్ల మలుపుల్లో ట్రైలర్ చక్రాలు కారు కన్నా లోపలికి కోసుకొస్తాయి, వెడల్పుగా తిప్పాలి.

రేవు దగ్గర అరగంట ఆగాం. వేడి హబ్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీల్ గుండా నీళ్ళని పీల్చుకుంటుంది, గ్రీజు పాలలా తెల్లబడి బేరింగ్ పోతుంది. ప్లగ్గు పీకి, లాక్ పిన్ను పెట్టి, లో రేంజ్‌లో, అంటే బండి మెల్లగా, బలంగా కదిలే గేర్లలో, నెమ్మదిగా దించాం. పడవ తేలగానే ట్రైలర్ పైకి లాగి పిన్ను తీసేశాం. అక్కడివి ఉప్పు కలిసిన నీళ్ళు కాబట్టి ఇంటికొచ్చిన సాయంత్రమే మంచినీళ్ళతో బ్రేకులు, లీఫ్ స్ప్రింగులు కడిగి, గ్రీజు కొట్టాం. సీల్స్ నాలుగూ స్పేర్‌గా తెచ్చి పెట్టుకున్నాను. స్టెప్నీ స్టాండు ఒక్కటి వెల్డింగ్ చేయించాలి, వచ్చే వానల్లోపే.