గట్టిమేళానికి ముందు

మన ఫోటోగ్రఫీ క్లాసు సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు అడిగారు. నాకు రాయడం రాదు, నా దగ్గర ఒక పాత కాంటాక్ట్ షీట్ (ఒక రోలులోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన ప్రింటు) ఉంది, స్కాన్ చేసి పంపుతా, అచ్చు వేసుకోండి అన్నాను. "షీట్ సరే, దాని వెనక కథేంటో కూడా రాయి" అన్నారు. అలా దొరికిపోయాను.

ఆ షీట్ 2003 చివరిది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 అనే నలుపు-తెలుపు ఫిల్ము రోలు, ముప్పై ఆరు ఫ్రేములు. ముప్పై నాలుగింటి మీద సార్ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసిన గీతలున్నాయి. పద్నాలుగో ఫ్రేము పక్కన ఒక ప్రశ్నార్థకం, ఇరవై ఏడు చుట్టూ ఒక సున్నా, అంటే ఇది బాగుందని. ఫోటోగ్రఫీ చదువులో నాకు దక్కిన మొదటి ఎర్ర సున్నా అది. (మన దగ్గర సున్నా వస్తే పండగ అని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.)

మూడో ఏడు వచ్చేసరికి మన క్లాసు రెండు పార్టీలైంది గుర్తుందా? పేపర్లో స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్లం అవుతామనే గ్రౌండ్ బ్యాచ్ ఒకటి, మోడళ్లు, చీరలు, యాడ్‌లు అనే స్టూడియో బ్యాచ్ ఒకటి. వాళ్లు మమ్మల్ని దుమ్ము బ్యాచ్ అనేవాళ్లు, మేం వాళ్లని పౌడర్ బ్యాచ్ అనేవాళ్లం. ఆ అక్టోబరు చివర్లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో గ్యాలరీ టికెట్లు కొనుక్కుని కూర్చుని, అరువు తెచ్చుకున్న 80-200 జూమ్ లెన్సుతో నేనూ ఒక రోలు కాల్చాను. రెండు నెలల ముందే పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చిన అంజూ బాబీ జార్జ్ ఇక్కడ లాంగ్‌జంప్‌లో స్వర్ణం గెలిచింది. నా నెగెటివ్‌లో ఆమె పెసరగింజంత ఉంది. అయినా నెల రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

అది చూసే కాబోలు, సార్ ఆ అసైన్‌మెంట్ ఇచ్చారు. గ్రౌండ్ వాళ్లు స్టూడియోలో చీర తీయాలి, స్టూడియో వాళ్లు గ్రౌండ్‌కెళ్లి ఆట తీయాలి. ఒక్కొక్కరికి ఒక్కటే రోలు. గోల చేశాం. "మీ గోల డార్క్‌రూమ్‌లో చెయ్యండి, అక్కడ ఎవరికీ కనపడరు" అన్నారాయన.

నాకు గద్వాల చీర వచ్చింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, మీద జరీ. చూడ్డానికి బాగుంటుంది, లైటింగ్ చేసేవాడికి మాత్రం శత్రువు. నూలు వెలుతురుని తాగేస్తుంది, జరీ తిరిగి మొహాన కొడుతుంది. నాకు అంత తెలివి లేక, గొడుగు పెట్టిన ఫ్లాష్‌ని తిన్నగా ముందు నిలబెట్టాను. మొదటి పది ఫ్రేములు చూడండి: అంచు తెల్లగా మాడిపోయింది, ఒళ్లు బూడిదరంగు దుప్పటిలా ఉంది. నేతే కనపడదు. సార్ ఒకసారి తొంగి చూసి, ఏం మాట్లాడకుండా స్టాండుని పక్కకి ఈడ్చి, మోకాలి ఎత్తుకి దించి వెళ్లిపోయారు. వెలుతురు బట్టని రాసుకుంటూ పోయేసరికి ఒక్కో పోగుకి నీడ పడి, నేత పైకి లేచింది. ఎదురుగా థర్మాకోల్ పెడితే మొహానికి కాస్త వెలుగొచ్చింది. పద్నాలుగో ఫ్రేము అక్కడిది. ప్రశ్నార్థకం ఎందుకంటే, చీర ఉంది, అమ్మాయి లేదు. ఉంది గానీ, స్తంభంలా ఉంది.

ఆ అమ్మాయి పెయింటింగ్ డిపార్ట్‌మెంట్. రవిక వదులుగా ఉందని వెనక నాలుగు పేపర్ క్లిప్పులు పెట్టించుకుని పాపం అలాగే నిలబడింది. నేను కెమెరా కంటికి ఆనించి ఎదురుచూస్తున్నాను. ఏం జరుగుతుందని? గ్రౌండ్‌లో అంతే కదా, నోరు మూసుకుని కాచుకుంటే ఏదో ఒకటి జరుగుతుంది. పావుగంట గడిచింది. చివరికి తనే అడిగింది, "ఏం చేయాలో చెప్తావా, హాస్టల్‌కి వెళ్లిపోనా?"

నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా అక్కడుంది. లెన్సులు, లైట్లు తర్వాత. స్టూడియోలో మనం నోరు తెరవకపోతే ఏమీ జరగదు. గడ్డం దించు, భుజం వదులు చెయ్, అబ్బ బాగుంది, ఇంకొక్కటి అంటూ వాగుతూనే ఉండాలి. నాకు ఆ వాగుడు చేతకాలేదు. అందుకని గుండ్రంగా తిరగమన్నాను. కొంగు ఎగిరితే నేను తీస్తా. అంటే నాకు తెలిసిన గ్రౌండ్‌ని స్టూడియోలోకి తెచ్చుకున్నానన్నమాట.

తెచ్చుకున్నా పని జరగలేదు. మా దుమ్ము బ్యాచ్‌కి ఒక పాఠం బాగా వచ్చు: ఎగిరినవాడు పైన లిప్తపాటు ఆగుతాడు, అక్కడ నొక్కాలి. బ్యాడ్మింటన్ స్మాష్ అయినా, వాలీబాల్ స్పైక్ అయినా అంతే. అప్పుడు 1/250 సెకను ఇచ్చినా ఒళ్లు కదలకుండా వస్తుంది. నేను ఆమె తిరిగి ఆగీఆగకముందే నొక్కేశాను. నడుముకి చుట్టుకున్న కొంగే వచ్చింది ప్రతిసారీ. పైగా ఆ పాత ఫ్లాష్ మళ్లీ నిండడానికి మూడు సెకన్లు తీసుకునేది, కాబట్టి ఒక తిప్పుకి ఒక్కటే ఫ్రేము. ఏడెనిమిది తిప్పులయ్యాక ఆమెకి కళ్లు తిరిగి కుర్చీలో కూలబడింది.

అప్పుడు లైటు పట్టుకున్న కడప అమ్మాయి (పౌడర్ బ్యాచ్ నాయకురాలు, పేరు రాస్తే చంపుతుంది) అంది: "నువ్వు మనిషిని చూసి నొక్కుతున్నావు. మనిషి ఆగాక కదా బట్ట విచ్చుకునేది. ఆమెని వదిలెయ్, కొంగుని చూడు."

అది నిజం. ఒంటికన్నా బట్ట ఒక అరక్షణం వెనక ఉంటుంది. గెంతినా అంతే, మనిషి కిందికి దిగడం మొదలెట్టాక కూడా ఓణీ ఇంకా పైకే పోతుంటుంది. ఆట తీసేవాడికి మనిషి ఆగిన చోటు కావాలి, బట్ట తీసేవాడికి దాని తర్వాతి చోటు కావాలి. నాకు ఆ తేడా ఇరవై ఏడో ఫ్రేములో దొరికింది. కొంగు పూర్తిగా పరుచుకుని ఉంది, బుటాలు లెక్కపెట్టొచ్చు.

ఇక కడప అమ్మాయి ఆట సంగతి. లాల్‌బహదూర్ స్టేడియంలో కబడ్డీ ప్రాక్టీసుకి వెళ్లింది. మేమైతే ఆట ఎటు పోతే అటు పరిగెత్తి, వెనక స్కూటర్లు, నీళ్ల డ్రమ్ములు, ఎవడిదో తల అన్నీ కలిపి తెచ్చేవాళ్లం. ఆమె గంట ముందే వెళ్లి కోర్టు చుట్టూ తిరిగి, వెనక నీడలో ఉన్న గోడ ఒకటి చూసుకుంది. దాని ఎదురుగా బోర్లా పడుకుంది. కబడ్డీలో అందరూ వంగి ఉంటారు, తలలు కిందికి. నిలబడి తీస్తే నడినెత్తులే వస్తాయి, నేలకి ఆనుకుంటేనే కళ్లు దొరుకుతాయి. ఫోకస్ ఒకచోట కట్టేసుకుని, రైడర్ అక్కడికొచ్చేదాకా నలభై నిమిషాలు కదల్లేదు. స్టూడియోలో ముందు బ్యాక్‌గ్రౌండ్ కట్టి, లైటు పెట్టి, ఆ తర్వాతే మనిషిని పిలుస్తారు కదా, అదే పని చేసిందామె. ఆమె షీట్ మీద ఐదు సున్నాలు. మాకు ఒళ్లు మండిపోయింది.

ఆ షీట్లు గోడకి అతికించి సార్ చెప్పిన క్లాసు మీలో ఎంతమందికి గుర్తుందో. మార్టిన్ ముంకాచి అనే హంగేరీవాడి గురించి. మొదట్లో ఆటల ఫోటోగ్రాఫర్. 1933లో అమెరికాలో హార్పర్స్ బజార్ పత్రిక కోసం ఈతదుస్తుల ఫోటోలు తీయాల్సి వచ్చింది. అప్పటిదాకా ఫ్యాషన్ ఫోటో అంటే స్టూడియోలో బొమ్మలా నిలబెట్టి తీసేది. ఈయనకి ఇంగ్లిష్ రాదు. చలిగాలి వీస్తున్న సముద్రపు ఒడ్డున లూసిల్ బ్రొకా అనే మోడల్‌ని చేతి సైగలతో పరిగెత్తమన్నాడు. వెనక కేప్ ఎగురుతుండగా ఆమె పరిగెత్తుకొస్తున్న బొమ్మ ఆ డిసెంబరు సంచికలో వచ్చింది. తర్వాత రిచర్డ్ అవెడాన్ లాంటి ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్లు మోడళ్లని గెంతించారంటే దారి వేసింది ఈయనే. ఆఖరికి 1963లో న్యూయార్క్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ గుండెపోటుతో పోయాడు. మా దుమ్ము బ్యాచ్ చప్పట్లు కొట్టింది.

"ఆగండి" అని రెండో బొమ్మ తీశారు సార్. 1965 మే 25, అమెరికాలో లూయిస్టన్ అనే ఊళ్లో బాక్సర్ మహమ్మద్ అలీ, మొదటి రౌండులోనే కిందపడ్డ సోనీ లిస్టన్ మీద నిలబడి గర్జిస్తున్నాడు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికకు తీసింది నీల్ లీఫర్, అప్పటికి ఇరవై రెండేళ్లవాడు. అందరూ చెప్పేది అలీ మొహం గురించి. సార్ చూపించింది వెలుతురుని. రింగు పైన కట్టిన పెద్ద ఫ్లాష్ లైట్లవి. పైనుంచి పడే ఆ వెలుతురు కండ కండనీ చెక్కింది, వెనక జనం చీకట్లోకి పోయారు. స్టూడియో సరంజామానే తెచ్చి పందెం మీద వేలాడదీశారు. రోలీఫ్లెక్స్ కెమెరాతో ఒక్క ఫ్రేము. అలీ కాళ్ల మధ్య నుంచి అవతల ఇంకో ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు, అదే పత్రికకు పనిచేసే హెర్బ్ షార్ఫ్‌మన్. ఆయనకి దక్కింది అలీ వీపు. కూర్చున్న చోటు తప్ప వేరే తేడా లేదు.

అప్పుడు పౌడర్ బ్యాచ్ చప్పట్లు కొట్టింది.

నేను కొట్టలేదు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. సిద్దిపేటలో మాకు ఫోటో స్టూడియో ఉండేది, పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్లాష్ బ్యాటరీ మోసేవాణ్ణి నేనే. పెళ్లిలో నాన్న పొద్దంతా ఫ్యాషన్ ఫోటోగ్రాఫరే: పెళ్లికూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, జడ ముందుకేసి, గాజులు సర్ది, గడ్డం కింద వేలు పెట్టించి. ముహూర్తం రాగానే ఆయనే స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్. జీలకర్రబెల్లం, తాళి, ఏదీ రెండోసారి జరగదు, ఫ్లాష్‌కీ ఒక్కటే అవకాశం. ముందు వరసలో మేనమామలు అడ్డం. "గట్టిమేళం వినపడ్డాక నొక్కితే నీకు ముడి దొరకదురా, మూడో ముడి దగ్గర వరుడి వీపు దొరుకుతుంది. పంతులు చెయ్యి చూడు. ఆయన చెయ్యి లేచిందంటే సిద్ధం" అనేవాడు. ఎస్ఎల్ఆర్ కెమెరాలో నొక్కగానే అద్దం పైకి లేచి వ్యూఫైండర్ చీకటవుతుంది. అంటే ఆ క్షణం మన కంటికి కనపడిందంటే అది ఫిల్ము మీద పడలేదన్నమాట. కాలేజీలో ఈ సంగతి విన్నప్పుడు, నాన్న దీన్ని భజంత్రీల భాషలో ముందే చెప్పాడు కదా అనుకున్నాను.

తర్వాత నేను పదకొండేళ్లు ఒక పత్రికలో స్పోర్ట్స్ చేశాను. కడప అమ్మాయి బెంగళూరులో చేనేత క్యాటలాగులు తీస్తోంది. ఇప్పటికీ ఫోన్‌లో పోట్లాడుకుంటాం. ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. ఆమె మడత సరిచేస్తుంది, మచ్చ తీసేస్తుంది, చెయ్యి ఒక ఫోటోలోంచి, మొహం ఇంకో ఫోటోలోంచి తెచ్చి కలుపుతుంది, అది ఆమె పని. నేను బంతిని అంగుళం జరిపినా ఉద్యోగం పోవాలి. ఒకసారి డెస్క్‌లో ఒకాయన "బంతి బ్యాటుకి ఇంకాస్త దగ్గరుంటే బాగుణ్ణు, జరిపెయ్" అన్నాడు. జరపలేదు. మర్నాడు నా ఫోటో లోపలి పేజీలో స్టాంపు బిళ్లంత వచ్చింది.

ఇప్పటి కెమెరాల్లో అద్దమూ లేదు, చీకటీ లేదు. సెకనుకి ఇరవై, ముప్పై ఫ్రేములు. పిల్లలు ఒక మ్యాచ్‌కి ఐదు వేలు తెచ్చి, ఏది పంపాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతుంటారు. మాకు ముప్పై ఆరే ఉండేవి కాబట్టి ఆ టెన్షన్ నొక్కకముందే అయిపోయేది.

ఇరవై ఏడో ఫ్రేము ప్రింటు ఆ సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్లాను. నాన్న దీపం దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "చీర బాగొచ్చింది. పిల్ల మొహం ఏదిరా?" అన్నాడు. నిజమే, కొంగు వెనక ఉండిపోయింది. అంతవరకూ నేనూ చూసుకోలేదు, సార్ కూడా అనలేదు.

ఇంతకీ ఇదంతా రాయడంలో నా స్వార్థం ఒకటుంది. నా దగ్గర షీట్ ఉంది గానీ, 25 నుంచి 30 దాకా ఉన్న నెగెటివ్ ముక్క లేదు. నాలుగో ఏడు ఎగ్జిబిషన్‌కి పెద్ద ప్రింటు వేస్తామని ఎవరో పట్టుకెళ్లారు. ఎవరో నాకు గుర్తులేదు, ఒట్టు. ఏ పాత పుస్తకంలోనో బటర్‌పేపర్ కవర్లో ఉండి ఉంటుంది. సమ్మేళనానికి వచ్చేటప్పుడు ఒకసారి అటక మీద వెతకండి. ఫంగస్ పట్టినా ఫర్వాలేదు, తెచ్చివ్వండి.