నూటెనిమిది తారురోడ్డు దాకే వస్తుంది

శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళు మా వైపు ఆత్మకూరు, కొత్తపల్లి, పగిడ్యాల మండలాల దాకా పరుచుకుని ఉంటాయి. సంగమేశ్వరం గుడి తేలిందని, మునిగిందని ఏటా ఫోటోలు తెగ తిరుగుతాయి గానీ, అదే నీటి అంచున టార్పాలిన్ గుడిసెల్లో చేపలు పట్టుకుని బతికేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. వాళ్ళలో చాలామంది విశాఖ, శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చినవాళ్ళు. సముద్రం పక్కన పుట్టి మా పాత కర్నూలు జిల్లాకొచ్చి కృష్ణలో వలలేసుకోవడమేంటో అనిపిస్తుంది, కానీ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్నారు.

మా వదిన ఆ వైపు ఏఎన్ఎమ్, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సు. ఆమెకు తోడుగా అప్పుడప్పుడు పోయి చూసింది కొంత, ఆమె ఇంటికొచ్చి తల పట్టుకుని చెప్తే విన్నది కొంత, రెండూ కలిపి రాస్తున్నా.

ఇక్కడ దూరం కూడా సీజన్‌ని బట్టి మారుతుంది. వానాకాలంలో డ్యామ్ 885 అడుగులకు నిండితే నీళ్ళు ఊళ్ళ దగ్గరికే వచ్చేస్తాయి, బోటు ఎక్కితే చాలు. ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి పోయేకొద్దీ గుడిసెలూ నీళ్ళ వెంటే కిందికి పోతాయి, మధ్యలో మిగిలేది ఒండ్రుమట్టి. పైకి నెర్రెలిచ్చి గట్టిగానే కనబడుతుంది, కాలు పెడితే పిక్కల దాకా దిగబడుతుంది. ఎనిమిదో నెల కడుపుతో ఒకామె ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో మా వదిన భుజం పట్టుకుని ఆ బురద దాటుతుంటే నేను మందుల సంచి మోస్తూ వెనక నడిచాను. ఆమె బాగానే ఉంది, నాకే ఆయాసం. 108కి ఫోన్ చేస్తే వస్తారు, వాళ్ళని అనడానికేం లేదు, కానీ బండి తారురోడ్డు దాకే కదా. ఆ రోడ్డెక్కాలంటే బోటు కావాలి, ఆ బోటేమో అడ్వాన్సులిచ్చిన చేపల వ్యాపారిది, రాత్రిపూటైతే అది నడిపేవాడు వలల దగ్గరుంటాడు.

ఆమె గుడిసెలో ఐరన్ మాత్రల పట్టీలు వాసానికి కట్టిన కవర్లో ఉన్నాయి, సగానికి పైగా అట్లాగే. "ఏసుకుంటే వోంతులైపోతన్నాయి నర్సమ్మా, దొడ్డికి నల్లగెల్తంది, బయమేసి మానేసినాను" అంది. వదిన తిట్టలేదు. నల్లగా రావడం మామూలే, రాత్రి అన్నం తిన్నాక వేసుకో, టీతో మాత్రం వద్దు, నిమ్మరసం తాగితే ఇంకా మంచిది అని చెప్పింది. రోజుకొకటి చొప్పున 180 రోజులు మింగాల్సిన మాత్రలవి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే కిందికి పడితే మాత్రలతో అయ్యే పని కాదు, ఆసుపత్రికి పోవాల్సిందే. రోజంతా చేపల మధ్య తిరిగే మనిషికి రక్తం లేకపోవడమేంటని అడక్కండి. పెద్ద చేప తూకానికి పోతుంది, ముల్లుతో సహా తింటే ఒంటికి పట్టే చిన్న చేపలు కూడా ఎండబెట్టి అమ్మేస్తారు.

అసలు గొడవంతా కార్డుల దగ్గరుంది. తొలి కాన్పుకు పుట్టింటోళ్ళు వచ్చి తీసుకుపోతారు కాబట్టి అప్పుడు ఆశా వర్కరూ అక్కడే, కార్డూ అక్కడిదే. రెండోదానికి, మూడోదానికి ఎవరొస్తారు? అవన్నీ ఈ ఒడ్డు మీదే. ఆధార్ అక్కడిది, రేషన్ కార్డు అక్కడిది, ఇక్కడి సచివాలయం లిస్టులో వీళ్ళకు ఇల్లే లేదు. అక్కడి ఆశాకు మనిషి కనబడదు, ఇక్కడి ఆశాకు పేరు కనబడదు. తల్లీబిడ్డల కార్డు ఏ ఊరిదైనా చూడాల్సిందే, అయినా ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేచోట "మీది ఈ ఊరు కాదు కదా, మీ ఊళ్ళోనే చూపించుకోండి" అన్నారట. ఆ ఊరికి రాత్రంతా ప్రయాణం. తొమ్మిదో నెలలో! 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు చూసే ఏర్పాటు ఉంది, మంచిదే, కానీ లిస్టులో లేని మనిషికి ఆ తేదీ గుర్తుచేసేదెవరు?

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం బీపీ, రక్తస్రావం. గుర్రపువాతం, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, ఉన్నట్టుండి ఊడిపడేది కాదు, చాలావరకు బీపీ చూసి మూత్రం పరీక్ష చేస్తే ముందే పసిగట్టొచ్చు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఇప్పుడు లెక్కేసుకోండి: బోటు దొరకాలి, బురద దాటాలి, బండెక్కాలి, ఆత్మకూరు చేరాలి, అక్కడ రక్తం లేకపోతే కర్నూలు పెద్దాసుపత్రి. అందుకే ఇంకో అంబులెన్సు ఇస్తే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. నొప్పులు రాకముందే మనిషిని ఆసుపత్రి పక్కకు తెచ్చి పెట్టుకోవాలి. సాలూరులో కొండల మీది గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు, నెలలు నిండకముందే వచ్చి ఉంటారు. అదీ వీళ్ళ ఉత్తరాంధ్రలోనే, చూడండి విచిత్రం.

ఆ మాటే మాతో బురద దాటినామెతో అంటే, "నా పిల్లల్ని కూడా ఉండనిస్తారేటమ్మా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వస్తుంది? "తెచ్చుకో, ముందు నువ్వైతే రా" అనేసింది మా వదిన, ఎక్కడ ఉంచాలో తెలియకుండానే. చివరికి ఆత్మకూరులో మా పిన్ని వాళ్ళ వెనక గది ఖాళీగా ఉంటే మాట్లాడాం, అద్దె వదినా నేనూ చెరిసగం. ఇది పద్ధతి కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఒడ్డు మీద ఇంకో ముగ్గురు కడుపుతో ఉన్నారు, పిన్నికి ఉన్నది ఒక్కటే గది.