పదిహేను సెంట్ల రికార్డు, ముప్ఫై డాలర్ల అవమానం

నిన్న రాత్రి పదకొండింటికి పాట వినిపించింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

న్యూజెర్సీలో ఓ పాతసామాన్ల సంతలో 'హిట్ ఆఫ్ ద వీక్' అనే పాత గ్రామఫోన్ రికార్డు ఒకటి దొరికింది. కొనడం రెండు నిమిషాల పని. మిగతా కంపెనీల రికార్డు 75 సెంట్లు ఉన్న రోజుల్లో, 1930 ఫిబ్రవరి నుంచి ఈ రికార్డుల కంపెనీవాళ్లు వారానికో కొత్త పాటను పత్రికల బడ్డీల్లో 15 సెంట్లకే అమ్మారు. దళసరి కాగితం మీద డ్యూరియం అనే గోధుమరంగు రెజిన్ పూత, అంతే. కొలంబియా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ హాల్ బీన్స్ కనిపెట్టిన సరుకది. కిందపడితే పగలదు గానీ, తొంభై ఏళ్లు దాటాక అంచులు లేచి వేయించిన అప్పడంలా తయారవుతుంది.

దాన్ని డిజిటల్‌గా మార్చి ఇస్తారని ఒక షాపుకు తీసుకెళ్లాను. అదే నేను చేసిన తప్పు. కౌంటర్‌లో కుర్రాడు వేళ్లతో వంచి చూసి, "ఇది రికార్డా, అట్టముక్కా?" అన్నాడు. వెనక లైన్లో ఇద్దరు నవ్వారు. నేను ఊరుకోకుండా, జాజ్ సంగీతంలో మహామహుడు డ్యూక్ ఎల్లింగ్టన్ అంతటివాడు తన బృందం పేరు మార్చుకుని, హార్లెం హాట్ చాకొలెట్స్ అని, ఈ అట్టముక్కల మీదే వాయించాడని లెక్చరిచ్చాను. అతను విననే లేదు. ప్లేయర్ మీద పెడితే అంచులు లేచి ముల్లు జారిపోతోంది. దాంతో బోర్లా తిప్పి పెట్టాడు. ఇప్పుడు అంచులు చక్కగా ఆనాయి. ముల్లు దించితే బరబరమని రొద తప్ప ఏమీ లేదు. "ఖాళీ రికార్డు సార్, మిమ్మల్ని ఎవరో మోసం చేశారు" అని అందరికీ వినబడేలా చెప్పి, పరీక్ష ఫీజు ముప్ఫై డాలర్లు పట్టాడు. నేనూ నోరు మూసుకుని కట్టి వచ్చాను. చవగ్గా పుట్టిన వస్తువంటే ఎంత చులకనో!

ఇంట్లో మామగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "అల్లుడుగారూ, గీతలు ఈ వైపే కదా ఉన్నాయి? వెనక ఉత్త కాగితమేగా!" అన్నారు. ఈ రికార్డులకు పాట ఒక్కవైపే ఉంటుందని తెలిసి కూడా షాపులో నాకు తట్టలేదు. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

తర్వాత పని సులువే. పన్నెండు అంగుళాల పాత ఎల్పీ మీద ఈ పది అంగుళాలదాన్ని పరిచి, గీతలకు బయట అంచును నాలుగుచోట్ల రంగులవాళ్లు వాడే టేపుతో ఎల్పీకి అంటించాం. గట్టి టేపు వాడితే పూత ఊడొస్తుంది, జాగ్రత్త. ఎల్పీ ముల్లు పనికిరాదు. ఇలా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు 0.003 అంగుళం ముల్లు వేరే ఉంటుంది, అది కొనండి. నా ప్లేయర్‌లో 78 స్పీడు లేదు కాబట్టి 45లో రికార్డు చేసి, కంప్యూటర్లో వేగం 73.3 శాతం పెంచాను. డబ్బు తీసుకునే ఏ షాపుకూ వెళ్లక్కర్లేదు.

పాట బాగుంది. మామగారు రెండోసారి పెట్టించుకున్నారు. కానీ అప్పట్లో ఆర్థికమాంద్యం ముదిరి జనానికి 15 సెంట్లే బరువయ్యాయి, రేడియోలో పాట ఊరికే వచ్చేది. 1932 జూన్‌తో ఈ రికార్డులు ఆగిపోయాయి.

ఫైలు ఆ షాపుకు మెయిల్ చేశాను, "ఖాళీ రికార్డు" అని పేరు పెట్టి. పొద్దుటి దాకా జవాబు లేదు.