ఓడలో ఫార్మల్ నైట్‌కి ఏం కట్టుకున్నామంటే

సింగపూర్ నుంచి బయలుదేరే క్రూజ్‌కి మా అమ్మాయి టికెట్లు బుక్ చేశాక ఇంట్లో అందరూ పాస్‌పోర్టులు, వీసాలు అంటూ హడావిడి పడుతుంటే, నా కళ్లు మాత్రం ఆ బుకింగ్ కాగితాల్లో ఒక్క లైను దగ్గరే ఆగిపోయాయి. ఒకరోజు రాత్రి భోజనానికి ఫార్మల్ దుస్తుల్లో రావాలట. మగవాళ్లకి సూటు, టై, కుదిరితే టక్సీడో. ఆడవాళ్లకి ఈవెనింగ్ గౌను. మాది నెల్లూరు, అత్తయ్యా మామయ్యా ఉండేది పెన్న దాటితే కోవూరు. పెళ్లికి ఏం కట్టుకోవాలో, పేరంటానికి ఏం కట్టుకోవాలో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ ఓడలో గౌన్ల మధ్య కూర్చుని అన్నం తినడమంటే ఎట్టా ఉంటుందో ఊహకి అందలేదు.

మా ఆయన అదే సాయంత్రం ట్రంకురోడ్డులో రిసెప్షన్లకి సూట్లు అద్దెకిచ్చే షాపు ఒకటి కనుక్కుని వచ్చారు. మామయ్యకి కూడా ఒకటి తీసుకుందామన్నారు. మామయ్య పేపర్లోంచి తలెత్తకుండానే "నాకెందుకురా సూటూ బూటూ, నా పంచె నాకుంది" అన్నారు. ఆయన మాట కంటే అత్తయ్య మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఆ ఒక్కరాత్రీ మీరు పోయి తినిరాండమ్మా, నేను రూములోనే ఇంత పెరుగన్నం తిని పడుకుంటా" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, మొదటిసారి విమానం ఎక్కి, ఓడ ఎక్కి అంత దూరం వస్తూ, గౌను లేదని గదిలో కూర్చోవడమేంటి? అలా జరగనివ్వకూడదని అప్పుడే అనుకున్నా. ఆ పట్టుదలతోనే దీని సంగతి మొత్తం తెలుసుకోవడం మొదలుపెట్టా.

తెలిసిందేంటంటే, మనం భయపడేంత ఏమీ లేదు. మూడు నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పుల్లో సాధారణంగా ఒకటే ఫార్మల్ నైట్ ఉంటుంది, వారం రోజుల ట్రిప్పయితే రెండు. ఎక్కువగా ఓడ ఏ ఊళ్లోనూ ఆగకుండా పూర్తిగా సముద్రంలోనే ఉండే రోజు చూసి పెడతారు, ఎందుకంటే ఆరోజు తయారవడానికి అందరికీ తీరిక ఉంటుంది. ఈ నియమం ఉండేది పెద్ద డైనింగ్ హాలుకే. పైన బఫే ఉంటుంది, అక్కడికి మామూలు బట్టల్లో వెళ్లి తినొచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. అసలు నార్వేజియన్ లాంటి సంస్థలైతే ఫార్మల్ తప్పనిసరి అన్న మాటే పెట్టుకోలేదు. ఇక పాత పద్ధతులు గట్టిగా పాటించే క్యూనార్డ్ వాళ్లు కూడా తమ గాలా రాత్రులకి ఎవరి దేశపు సంప్రదాయ దుస్తుల్లో వాళ్లు రావచ్చంటారు. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఏ గౌనుకైనా మన జరీచీర తీసిపోతుందా? నిక్కర్లు, బనియన్లు, రబ్బరు చెప్పులు వేసుకుని డైనింగ్ హాలుకి రావద్దని వాళ్లు చెప్పేది, అంతే.

ఇక ఏ చీర అన్నది. కంచిపట్టు కట్టుకోమని మా చెల్లెలు చెప్పింది కానీ నాకు మనసొప్పలేదు. బరువు. సింగపూర్ వైపు ఉక్కలో పగలంతా తిరిగొచ్చి, ఇరుకు గదిలో దాన్ని కట్టుకోవడం అత్తయ్య వల్ల కాదు. మన దగ్గర వెంకటగిరి ఉండగా ఇంకోటి ఎందుకు? 2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ మా దృష్టిలో అది ఎప్పటికీ నెల్లూరు చీరే, మా అమ్మమ్మ దగ్గర్నుంచీ మాకు శుభకార్యానికి అక్కడి చీరే. షాపుల్లో కాకుండా నేరుగా ఆ ఊరికే వెళ్లి తీసుకున్నాం. మేం వెళ్లిన ఇంట్లో ముందు గదినిండా మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన, కొంగులో నెమలి బొమ్మ వచ్చేచోట అడ్డపోగు దాటించిన ప్రతిసారీ చిన్నచిన్న కండెల్లోంచి రంగు దారాన్ని చేత్తోనే అల్లుతున్నారు. ఈ పనిని జాందానీ అంటారు. ఆయన భార్య ఒక చీర విప్పి కొంగు తిప్పి చూపించింది. వెనకవైపు కూడా నెమలి అంతే శుభ్రంగా ఉంది, తెగిన పోగులు వేలాడటంలేదు. ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉన్న ఆ కొంగు చూశాక ఇంక వేరే చీర గురించి ఆలోచించలేదు. అత్తయ్యకి లేత గంధం రంగు మీద మెరూన్ అంచు, నాకు ముదురు నీలం. రెండూ పట్టు, నూలు కలిపి నేసినవే.

అచ్చంగా నూలుచీర వద్దనుకోవడానికి కారణం ఇస్త్రీ. ఇది క్రూజ్‌కి వెళ్లే ఆడవాళ్లందరికీ తెలియాల్సిన సంగతి. ఇస్త్రీపెట్టె ఓడలోకి తీసుకెళ్లనివ్వరు. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు కాబట్టి వేడెక్కే వస్తువుల విషయంలో చాలా గట్టిగా ఉంటారు, ఆవిరితో మడతలు తీసే స్టీమర్ కూడా పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా చాలా ఓడల్లో తీసేసుకుంటారు. కొన్ని ఓడల్లో మనమే ఉతికి ఇస్త్రీ చేసుకునే గదులుంటాయి, మేం ఎక్కినదాంట్లో లేవు. డబ్బులిస్తే వాళ్లే చేసిపెడతారు కానీ గంజిపెట్టిన చీర కుచ్చిళ్ల సంగతి వాళ్లకేం తెలుస్తుంది, నేనైతే ఇవ్వను.

అందుకని చీరలు ఇక్కడే సిద్ధం చేయించా. ఇప్పుడు మన ఊళ్లలో చాలామంది ఆడపిల్లలు ఇంటి దగ్గరే శారీ ప్రీ ప్లీటింగ్ చేస్తున్నారు కదా, మాగుంట లేఅవుట్ వైపు ఒకమ్మాయికి ఇచ్చాం. మన నడుం కొలత, ఎత్తు తీసుకుని, కుచ్చిళ్లు, పైట మడతలు ఇస్త్రీతో కూర్చి, క్లిప్పులు పెట్టి, పెట్టెలో పట్టేట్టు చదరంగా మడిచి ఇస్తుంది. అత్తయ్య మొదట్లో నమ్మలేదు. "కట్టుకోవడానికి ముందే కుచ్చిళ్లెట్టా వస్తాయే" అని ఇంటికి తెచ్చాక రెండుసార్లు విప్పించి మరీ చూశారు. దాని చుట్టూ మెత్తటి పాతపంచె చుట్టి సూట్‌కేసులో అన్నిటికంటే పైన పెట్టా.

మా ఆయనకి చివరికి సూటు అద్దెకి తీసుకోలేదు. మెడపట్టీ ఉన్న నల్ల జోధ్‌పూరీ కోటు ఒకటి కుట్టించాం. టై గొడవ లేదు, రేపు మన పెళ్లిళ్లకీ పనికొస్తుంది. అమ్మాయి గౌను వేసుకుంటానంది, వేసుకోమన్నా. దానికి నప్పుతుంది, అదీ మంచి బట్టే. నా పట్టుదలల్లా ఎవరికి ఏది సొంతమో అది వేసుకుని దర్జాగా ఆ హాల్లోకి నడవాలన్నదే.

చెన్నై దాకా కారులో వెళ్లి, అక్కడినుంచి సింగపూర్‌కి నాలుగు గంటల విమానం. మెరీనా బే క్రూజ్ సెంటర్లో పెద్దపెట్టెలు వాళ్లకి అప్పగిస్తే అవి మన గది గుమ్మం దగ్గరకి రావడానికి సాయంత్రం అయిపోతుంది. మందులు, ఆరోజుకి మార్చుకునే బట్టలు చేతిసంచిలో ఉంటే టెన్షన్ ఉండదు. గది చిన్నదే, కానీ గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం హుక్కులు చక్కగా అంటుకుంటాయి. అమ్మాయి చెప్పిందని నెల్లూరులోనే కొని పట్టుకెళ్లా. ఓడ ఎక్కిన రాత్రే చీరలు రెండూ వాటికి తగిలించేశా. మామయ్య పంచె, లాల్చీ మాత్రం మడతలు పడ్డాయి. బాత్రూములో వేడినీళ్లు వదిలి, తలుపేసి, ఆ ఆవిరిలో కాసేపు వేలాడదీస్తే చాలావరకు సర్దుకున్నాయి.

ఫార్మల్ నైట్ సాయంత్రం. మంచానికీ సోఫాకీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు. ఓడ కదులుతున్నట్టు తెలియదు కానీ ఒంటికాలి మీద నిలబడితే తెలుస్తుంది. అందుకని అత్తయ్య ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడితే, నేను కింద కూర్చుని కుచ్చిళ్ల అంచులు సరిచేసి, లోపలివైపు పిన్ను పెట్టా. పైటకి భుజం దగ్గర రెండు పిన్నులు, ఎందుకంటే పైన డెక్కు మీద గాలి మామూలుగా ఉండదు, మైపాడు బీచిలో గాలికి నాలుగింతలు. గది తలుపు తెరిచే కార్డే ఓడలో అన్నిటికీ కావాలి, చీరకి జేబు ఉండదు కాబట్టి చిన్న జరీ పౌచ్ ఒకటి నడుముకి దోపుకోవడం మంచిది. కాళ్లకి హీల్స్ వద్దు. మెట్లు నున్నగా ఉంటాయి, చీర అంచు కాలికింద పడితే కష్టం, అడుగు ఎత్తుగా లేని చెప్పులే మేం వేసుకున్నాం. మామయ్య వేలెడు జరీ అంచున్న పంచె కట్టి, కండువా మడిచి భుజాన వేసుకున్నారు, తోలుచెప్పులు. లిఫ్టు అద్దంలో చూసుకుని కండువా రెండుసార్లు సర్దుకున్నారు, ఆయన కూడా లోపల కాస్త కంగారు పడుతున్నారని నాకప్పుడు అర్థమైంది.

హాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే నా గుండె నిండింది. సూట్లు, గౌన్లు ఉన్నాయి, కానీ వాటితోపాటే మలయ్ ఆడవాళ్లు పొడుగాటి బాజూ కురుంగ్‌ల్లో, చైనీస్ పెద్దావిడలు మెడపట్టీ ఉన్న ఛాంగ్‌సామ్‌ల్లో ఉన్నారు. కొందరు మగవాళ్లు సూటు లేకుండా పొడుగు చేతుల బాతిక్ చొక్కాలే వేసుకొచ్చారు. మలేషియాలో, ఇండోనేషియాలో పెద్దపెద్ద సభలకి కూడా ఆ చొక్కానే మర్యాద దుస్తులట, అమ్మాయి చెప్పింది. మామయ్య ఒకాయన చొక్కా మీద పువ్వుల్ని చాలాసేపు చూసి, "ఇది మైనంతో వేసే అద్దకం పని, మన కలంకారీకి చుట్టం" అన్నారు. ఆ తర్వాత ఆయన కండువా జోలికి పోలేదు.

మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. వడ్డించే అబ్బాయి కేరళవాడు, అత్తయ్యకి కుర్చీ లాగి, శాకాహారమా అని హిందీలో అడిగి, మెనూలో లేకపోయినా పప్పు, అన్నం, పెరుగు తెచ్చిపెట్టాడు. ముందురోజే చెప్తే ఇండియన్ వెజ్ వండిపెడతారు, ఇది కూడా తెలుసుకుని వెళ్లండి. హాల్లో ఏసీ మాత్రం గజగజ వణికించింది. వెంకటగిరి చీర పల్చన కదా, శాలువా తీసుకెళ్లకపోతే అత్తయ్య సగంలోనే లేచిపోయేవారు. భోజనాలయ్యాక మెట్ల దగ్గర ఓడ ఫోటోగ్రాఫర్లు తెరలు కట్టి ఫోటోలు తీస్తుంటే అత్తయ్య తనే ముందుకెళ్లి నిలబడ్డారు. "కొంగు కనబడేట్టు తీయమను" అని నాతో అన్నారు. ఆ ఫోటో కొనాలంటే చాలా రేటు చెప్పారు, అయినా కొన్నాం.

పెనాంగ్‌లో జార్జ్‌టౌన్ వీధులు, ఫుకెట్‌లో ఓడ నుంచి ఒడ్డుకి చిన్నపడవల్లో వెళ్లడం, అవన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పగలు తిరగడానికి అత్తయ్యకి కూడా సింథటిక్ చీరలే హాయి, పడవ ఎక్కి దిగేటప్పుడు అంచు తడిసినా గంటలో ఆరిపోతుంది.

దిగే ముందురోజు గురించి ఒక్క మాట. ఆ రాత్రి పెద్దపెట్టెలకి ట్యాగులు కట్టి గది బయట పెట్టేయాలి, మళ్లీ అవి మనకి కనబడేది పొద్దున టెర్మినల్లోనే. అన్నీ సర్దేశామన్న తొందరలో మరుసటిరోజు కట్టుకునే చీర, జాకెట్టు, లంగా కూడా అందులో పెట్టేసేవాళ్లు ఉంటారని మా అంతస్తు చూసుకునే అబ్బాయి చెప్పాడు. మేం ఆ బట్టలు, వెంకటగిరి చీరలు రెండూ చేతిసంచిలోనే ఉంచుకున్నాం. మామయ్య పంచె మాత్రం పెట్టెలోనే వచ్చింది, అది ఆయనకి రోజూ కట్టేదే కాబట్టి ఆయనేమీ పట్టించుకోలేదు.